సిరుపాతేనా, భోజ్‌పురేనా? తోట పనికి ఏ ఖుక్రీ కొనాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: వచ్చే నెల కాఠ్మాండూ వెళ్తున్నారు, ఒక ఖుక్రీ, అంటే నేపాలీల వంపు కత్తి, తెచ్చుకోవాలని ఉంది. సన్నగా పొడుగ్గా ఉండే సిరుపాతే యుద్ధానికి, వెడల్పుగా ఉండే భోజ్‌పురే పనికి అని వీడియోల్లో చెబుతున్నారు. మీకు రెండెకరాల మామిడి తోట ఉంది, కాబట్టి పనికి రావాలి. కానీ "గూర్ఖా సైనికులు వాడేది" అయితే బాగుండునని మనసులో ఉంది. రెంటిలో ఏది?

భోజ్‌పురే తీసుకోండి. పది అంగుళాల బ్లేడు, ఒర లేకుండా ఆరు వందల గ్రాములకి అటూ ఇటూగా బరువు, ఇనుము పిడి చివరిదాకా పోయి మేకులతో బిగించిన రకం. మీ మనసులో ఉన్న రెండో కోరిక కూడా దీంతోనే తీరుతుంది. ఎందుకంటే గూర్ఖా సైనికుడు నడుముకి కట్టుకునేది కూడా ముందు పని కత్తే. "యుద్ధం ఖుక్రీ" అనేది చాలావరకు దుకాణం వాళ్లు పెట్టిన పేరు.

నేనెవరో చెప్పాలి కదా. ఆర్మీలో మెకానిక్‌గా ఇరవై రెండేళ్లు చేశాను. అందులో నాలుగేళ్ల పైన ఒక గోర్ఖా పటాలంతో కలిసి తూర్పు కొండల్లో ఉన్నాను. ఇప్పుడు మా ఊరు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి చూసుకుంటున్నాను. నా దగ్గర రెండు ఖుక్రీలున్నాయి. ఒకటి పటాలం వదిలి వచ్చేటప్పుడు కుర్రాళ్లు బహుమతిగా ఇచ్చిన సిరుపాతే. రెండోది డార్జిలింగ్‌లో నేనే కొనుక్కున్న భోజ్‌పురే. ఖుక్రీతో ఎవరితోనూ పోట్లాడలేదు, కాబట్టి ఆ విషయంలో నేను చెప్పేది చూసి, విని తెలుసుకున్నదే. కొమ్మలు కొట్టడం గురించి మాత్రం ధైర్యంగా చెప్పగలను.

ముందు ఆ వంపు సంగతి. పిడి పట్టుకుని చూస్తే బ్లేడు కొంత దూరం నేరుగా పోయి అక్కడి నుంచి కిందికి వంగుతుంది. వంగిన తర్వాత పొట్ట దగ్గర వెడల్పవుతుంది. దీనివల్ల రెండు పనులు జరుగుతాయి. బరువు ముందుకి పోతుంది, అంటే కత్తి పొడవునకు మించి గొడ్డలిలాగా దిగుతుంది. రెండోది, మణికట్టు తిప్పకుండా మామూలుగా కొట్టినా అంచు కొమ్మకి ఏటవాలుగా తగిలి, తగిలిన క్షణంలో జారుతూ కోస్తుంది. మన మచ్చుకత్తితో ఇదే పని చెయ్యాలంటే చివర్లో మనమే చెయ్యి లాగాలి. ఖుక్రీలో ఆ లాగడం వంపులోనే ఉంది. కొత్తవాడు కొట్టినా తెగుతుంది అనేది అందుకే.

ఇక రెండు రకాల తేడా. సిరు అనేది నేపాల్ కొండల్లో పెరిగే ఒక గడ్డి, పాతే అంటే ఆకు. రెల్లు ఆకు చూసుంటారుగా, దాదాపు అలాంటి సన్నటి పొడుగు ఆకారం. పొట్ట వెడల్పు తక్కువ, వెన్ను, అంటే అంచుకి ఎదురుగా ఉండే మొద్దు వైపు, కూడా పలుచన, అందువల్ల బరువు చేతికి దగ్గరగా ఉంటుంది. భోజ్‌పురే పేరు తూర్పు నేపాల్‌లోని భోజ్‌పుర్ జిల్లా నుంచి వచ్చింది. కత్తులు చేసే కమ్మర్లకి పేరున్న కొండ ప్రాంతం అది. వెన్ను మందం, పొట్ట వెడల్పు, బరువు ముందుకి.

దీని అర్థం చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది. సిరుపాతే ఊపితే ఎంత తొందరగా పోతుందో అంత తొందరగా వెనక్కి వస్తుంది. దెబ్బ తప్పినా మళ్లీ చెయ్యి సర్దుకోవచ్చు. భోజ్‌పురే ఊపితే మధ్యలో ఆపలేరు, అది పోవాల్సిన చోటికి పోయే తీరుతుంది. మనిషికి మనిషి ఎదురైనప్పుడు మొదటి దెబ్బ కంటే రెండో దెబ్బకి ఎంత త్వరగా సిద్ధమవుతామన్నది ముఖ్యం. చెట్టు అలా కాదు, ఎక్కడికీ పోదు, తిరిగి కొట్టదు. అక్కడ మొదటి దెబ్బే ఎంత లోతు దిగిందన్నది లెక్క. సన్నది పోరాటానికి, బరువైనది పనికి అన్న మాటలో నిజం ఇంతవరకే ఉంది.

కానీ ఇందులో ఒక తిరకాసు. పాత కాలపు ఖుక్రీలు, నిజంగా యుద్ధాల్లో తిరిగినవి, చేతిలోకి తీసుకుంటే చాలామంది ఆశ్చర్యపోతారు. చూడటానికి పెద్దగా, పొడుగ్గా ఉంటాయి కానీ బరువు ఉండదు. బ్లేడు పక్కల్ని లోపలికి తొలిచి ఇనుము తగ్గించేవాళ్లు. దాన్ని ఆంగ్‌ఖోలా అంటారు. ఈ రోజు టూరిస్టులకి అమ్మే వాటిలో చాలావరకు దీనికి సరిగ్గా ఎదురు. వెన్ను పది, పన్నెండు మిల్లీమీటర్ల మందం, ఎనిమిది వందల గ్రాములు పైనే. చేతిలో పెట్టగానే "అబ్బో, ఎంత గట్టిగా ఉంది!" అనిపిస్తుంది. ఆ అనిపించడానికే వాళ్లు అలా చేస్తున్నారు. పావుగంట కొట్టాక భుజం చెబుతుంది అసలు సంగతి. దుకాణంలో పేరు అడక్కండి, వెన్ను మీద నుంచి చూడండి: పిడి దగ్గర మందంగా ఉండి, మొన వైపు పోయేకొద్దీ సన్నబడుతూ రావాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో ఉంటే అది ఇనుప పట్టా ముక్కని ఆకారానికి కోసి అంచు పెట్టినదే. అలాంటిది సిరుపాతే అన్నా, భోజ్‌పురే అన్నా వద్దు.

నా చేతిలో జరిగిన పరీక్ష చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, దారులు లేవు, కూలీ దొరకడు, ఎవరి తోటలో వాళ్లే పడి ఉన్నారు. నేను రెండు ఖుక్రీలూ, ఒక గొడ్డలీ పట్టుకుని దాదాపు మూడు వారాలు రోజూ అదే పని చేశాను.

పచ్చి జీడి కొమ్మ, మణికట్టంత లావు ఉన్నది, భోజ్‌పురేతో ఏటవాలుగా ఒకటి అటు ఒకటి ఇటు వేస్తే తెగిపోయేది. అదే కొమ్మకి సిరుపాతేతో నాలుగైదు దెబ్బలు పట్టేవి, పైగా ప్రతి దెబ్బకీ పిడిలో జిల్లుమనేది. చిన్న కొమ్మలు, తీగలు, తలంత ఎత్తు పెరిగిన పిచ్చి మొక్కల దగ్గర మాత్రం సిరుపాతేదే పైచేయి. అలసట లేకుండా గంటలు గంటలు ఊపొచ్చు. వెదురు రెండూ కొడతాయి. ఎండిన సరుగుడు మీద సిరుపాతే అంచు మడత పడింది, భోజ్‌పురేకి చిన్న పెచ్చు లేచింది. తప్పు కత్తిది కాదు, ఎండిన కణుపు మీద కొట్టిన నాది. పడిపోయిన కొబ్బరి మానుల దగ్గర రెండూ పనికిరాలేదు. ఆ పీచు దెబ్బని మింగేస్తుంది. దానికి రంపమే. గొడ్డలి ఉన్నవాడికి ఖుక్రీ ఎందుకు అని మా తమ్ముడు ఎగతాళి చేశాడు గానీ, చెట్టు మీద పడి చిక్కుకున్న కొమ్మల మధ్య దూరి ఒంటి చేత్తో కొట్టాల్సి వచ్చినప్పుడు వాడే అడిగి తీసుకున్నాడు.

పిడి గురించి ఒక మాట. చాలా ఖుక్రీల పిడికి మధ్యలో ఒక కట్టులాగా ఉబ్బు ఉంటుంది. జారకుండా ఉండటానికి మంచిదే, కానీ నాలుగో రోజుకి నా అరచేతిలో సరిగ్గా అక్కడే బొబ్బ లేచింది. పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టాక సరిపోయింది. కొనేటప్పుడే మీ చెయ్యి వెడల్పుకి పిడి సరిపోతుందో లేదో చూసుకోండి. నేపాలీ కుర్రాళ్ల చేతులు చిన్నవి, పిడీ చిన్నదే. పెద్ద చెయ్యి ఉన్నవాళ్లకి చిటికెన వేలు చివరి అంచు మీద పడి నొప్పి చేస్తుంది.

పిడిలో రెండు రకాలు. ఒకటి, బ్లేడు తోక సన్నగా పిడి లోపలికి దిగి ఉండేది. రెండోది చిరువా అంటారు. పిడి వెడల్పంతా ఇనుము పోయి, రెండు పక్కలా చెక్కో కొమ్మో పెట్టి మేకులు బిగిస్తారు. మొదటిదాంట్లో పిడిని పట్టి ఉంచేది లక్క లాంటి ఒక జిగురు. అక్కడ లాహా అంటారు. అది వేడికి మెత్తబడుతుంది. నేపాల్ కొండల్లో ఫరవాలేదు, మన మే నెల ఎండలో ట్రాక్టరు మీద వదిలేసి చూడండి, సాయంత్రానికి పిడి కదులుతుంది. నా సిరుపాతేకి అలాగే అయింది. అందుకే మీకు చిరువా అన్నాను. గేదె కొమ్ము పిడి అందంగా ఉంటుంది కానీ ఎండకి చిట్లుతుంది. చెక్కే మేలు.

ఇప్పుడు ఆ "గూర్ఖా ఖుక్రీ" సంగతి. 1814లో మొదలైన ఆంగ్లో నేపాల్ యుద్ధంలోనే ఈ కత్తి ఇంగ్లీషు వాళ్లకి బాగా తెలిసొచ్చింది. యుద్ధం ముగియక ముందే, 1815లో, వాళ్లు గూర్ఖాలని తమ సైన్యంలో చేర్చుకోవడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి ఖుక్రీ ప్రపంచమంతా తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో భాన్‌భక్త గురుంగ్ అనే రైఫిల్‌మన్ 1945 మార్చి 5న ఒక్కడే వరసగా శత్రు స్థావరాల మీదికి పోయి, చివరి బంకర్ లోకి పొగ గ్రెనేడ్లు వేసి, బయటికొచ్చిన ఇద్దరిని ఖుక్రీతో చంపాడు. బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. మన కాలంలో అయితే 2010 సెప్టెంబరులో, ఆర్మీ నుంచి అప్పుడే ఇంటికి పోతున్న బిష్ణు శ్రేష్ఠ మౌర్య ఎక్స్‌ప్రెస్‌లో దోపిడీ దొంగల ముఠాని ఖుక్రీతో ఎదిరించాడు. అతని చేతికీ గట్టి గాయమే అయింది.

ఈ రెండు సంఘటనల్లోనూ గమనించండి. ఒకటి బంకర్ నోటి దగ్గర, ఇంకొకటి రైలు పెట్టెలో. రెండూ చెయ్యి చాపడానికి కూడా చోటు లేని జాగాలు. పొడుగు కత్తి అక్కడ పనికిరాదు. నడుము పట్టీకి ఉండే మామూలు కొలత ఖుక్రీయే పనికొచ్చింది. పటాలంలో నేను చూసినంతలో ఆ ఖుక్రీ రోజంతా చేసే పని ఏమిటనుకుంటున్నారు? కట్టెలు కొట్టడం, బంకర్ ముందు పొదలు నరకడం, వెదురు చీల్చడం, డబ్బాలు తెరవడం, మేకని కొయ్యడం. బ్రిటిష్ గూర్ఖా బ్రిగేడ్‌లో అయితే ఒక్కొక్కడికి రెండు ఇస్తారు. ఒకటి కవాతుకి, నల్లగా మెరిసే ఒరతో. రెండోది శిక్షణకి, అడవికి. మీరు దుకాణంలో "ఆర్మీ మోడల్" అని అడిగితే తళతళలాడే మొదటిది తెచ్చి చూపిస్తారు. మీకు కావాల్సింది రెండోది.

దసరాకి, వాళ్ల దశైంకి, బలి ఇవ్వడానికి వాడే పెద్ద ఖుక్రీలు వేరే ఉన్నాయి. ఒకే దెబ్బకి తల తెగాలి కాబట్టి పొడవూ బరువూ ఎక్కువ. వాటిని కూడా కొందరు యుద్ధం కత్తులని అమ్ముతారు. తోటలో వాటితో అరగంట కూడా పని చెయ్యలేరు. ఇంకో చిన్న సంగతి, నేపాలీ వంటింట్లో కూరలు తరిగేది ఖుక్రీతో కాదు. కాలితో తొక్కిపట్టి వాడే చులేసీ ఉంటుంది. చూడగానే మా అమ్మ కత్తిపీట గుర్తొచ్చింది నాకు.

పిడి దగ్గర అంచులో ఒక చిన్న గాటు ఉంటుంది, దాన్ని కౌడీ అంటారు. ఆవు గిట్ట అంటారు, శివుడి త్రిశూలం అంటారు, రక్తం పిడి మీదికి రాకుండా అంటారు, ఎదుటివాడి కత్తిని పట్టడానికి అంటారు. ఈ చివరిది మాత్రం నమ్మకండి, అంత చిన్న గాటులో ఏ కత్తీ పడదు. అలాగే ఖుక్రీ ఒరలోంచి తీస్తే రక్తం చూడకుండా లోపల పెట్టకూడదు అనేది వట్టి కథ. అదే నిజమైతే మా మెస్‌లో రోజుకి పది మంది వేళ్లు కోసుకోవాలి.

ఒరలో పక్కన రెండు చిన్న కత్తులుంటాయి. కర్దా చిన్న కోతలకి. చక్‌మక్ మొద్దుగా ఉంటుంది, అంచుని నున్నగా సరిచెయ్యడానికి, చెకుముకి రాయితో నిప్పు రగల్చడానికి. టూరిస్టు సరుకులో ఇవి బొమ్మలే. చక్‌మక్‌తో రుద్దినప్పుడు ఖుక్రీ అంచు మీద అది అరిగిపోతే ఆ జత ఎందుకూ కొరగాదు.

తయారీ గురించి తెలిస్తే కొనడం తేలిక. చాలామంది చేసేది పాత లారీ కమాను పట్టీల ఇనుముతోనే. అది తక్కువ రకం అనుకోకండి, ఈ పనికి మంచి ఉక్కు. ఎర్రగా కాల్చిన బ్లేడుని మొత్తం నీళ్లలో ముంచరు. కెటిల్ లాంటి పాత్రతో అంచు వెంబడి మాత్రమే నీళ్లు పోస్తారు. దాంతో అంచు, ముఖ్యంగా పొట్ట దగ్గర, గట్టిపడుతుంది. వెన్ను కొంచెం మెత్తగా ఉండి దెబ్బని తట్టుకుంటుంది. మొత్తం గట్టిగా ఉంటే చిట్లుతుంది, మొత్తం మెత్తగా ఉంటే మడత పడుతుంది. చిన్న ఆకురాయి ఒకటి జేబులో పెట్టుకుపోండి. దుకాణం వాడిని అడిగి, పొట్ట దగ్గర అంచు మీద నెమ్మదిగా ఒక్కసారి గీయండి. జారితే మంచిది. కరిస్తే మెత్తది. తర్వాత వెన్ను మీద గీయండి, అక్కడ కొద్దిగా కరవాలి. పరీక్షకి ఒప్పుకోని చోట కొనకండి. ఇంకో పరీక్ష, వేలిగోటితో బ్లేడు మీద తట్టి వినండి, గలగలమని పిడిలో చప్పుడు వస్తే లోపల వదులుగా ఉన్నట్టు.

ఈ పని చేసేవాళ్లని కామీలంటారు. చాలామంది ఇంటిపేరు బిశ్వకర్మ అని రాసుకుంటారు. మన దగ్గర విశ్వకర్మ అంటే జంధ్యం వేసుకునే విశ్వబ్రాహ్మణులు గుర్తొస్తారు కదా. అక్కడ అదే పేరు పెట్టుకున్నవాళ్లని తరాల తరబడి అంటరానివాళ్లుగా చూశారు. దేశానికే గుర్తైన కత్తిని కొట్టినవాడు గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇది మా పటాలంలోని ఒక సుబేదార్ గారే ఒకసారి చెప్పారు, సిగ్గుపడుతూనే. వీలైతే కాఠ్మాండూ టూరిస్టు వీధిలో కాకుండా, నేరుగా కొలిమి దగ్గర కొనండి.

ఒరలోంచి తీసేటప్పుడు జాగ్రత్త. ఈ ఒక్క విషయం దయచేసి మీ ఇంట్లో అందరికీ చెప్పండి. ఎడమ చేత్తో ఒరని పిడికిలి బిగించి పట్టుకోకూడదు. వంపు వల్ల బ్లేడు బయటికి వస్తూ అంచు వైపు ఒరని నొక్కుతుంది. కుట్టు పాతదైతే తోలు కోసుకుని వేళ్లలోకి దిగుతుంది. మా వర్క్‌షాప్ కుర్రాడొకడు, సరదాగా ఫోటోకి తీయబోయి, రెండు వేళ్లకి ఆరు కుట్లు వేయించుకున్నాడు. ఒరని వెన్ను వైపు నుంచి, వేళ్లు అంచు మీదికి రాకుండా పట్టుకుని, బ్లేడు వెన్ను ఒర వెన్నుకి ఆనించి నెమ్మదిగా తియ్యాలి. పెట్టేటప్పుడూ అంతే.

చట్టం సంగతి. మన ఆయుధాల నిబంధనల్లో ఖుక్రీ పేరు నేరుగానే ఉంది. 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడుని ఆయుధం కింద లెక్కిస్తారు, ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారు చేసినవి తప్ప. చూశారా, యుద్ధం కత్తి, పని కత్తి అనే గొడవ అక్కడా ఉంది! మీ కత్తి వ్యవసాయానిదే అని మీకు తెలుసు, కానీ బస్టాండులో పోలీసుకి అది విప్పి చెప్పే పరిస్థితి తెచ్చుకోకండి. నడుముకి కట్టుకుని తిరగడం వద్దు. విమానంలో చేతి సంచిలో అస్సలు కుదరదు. సరిహద్దు దాటించి తేవడానికి వేరే నియమాలున్నాయి, కాబట్టి కొనే ముందే కస్టమ్స్ వాళ్లని, విమానం వాళ్లని అడగండి. ఈ టెన్షన్ అంతా ఎందుకు అనుకుంటే డార్జిలింగ్, కాలింపోంగ్‌లలో కూడా దొరుకుతాయి. నేను కొన్నది అక్కడే.

తెచ్చాక, ఇది స్టెయిన్‌లెస్ కాదని గుర్తుంచుకోండి. పచ్చి మామిడి కొమ్మ జీడి లాగే నల్లటి మరక పెడుతుంది. పని అయ్యాక తుడిచి ఆవనూనో కొబ్బరి నూనో ఒక చుక్క రాయండి. తోలు ఒరలో నెలల తరబడి పెట్టి మర్చిపోతే, అందులోనూ మీది తీరం దగ్గరి ఊరైతే, వానాకాలం దాటేసరికి తుప్పు మచ్చలు ఖాయం. నేను బయట గుడ్డలో చుట్టి ఉంచుతాను. సాన యంత్రం మీద పెట్టనివ్వకండి. అంచు వేడెక్కి ఆ గట్టిదనం పోతుంది. అంచు రెండు పక్కలా కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది, చేత్తో సానరాయి మీద ఆ ఉబ్బు పోకుండా రుద్దుకోవాలి. చదునుగా పలచగా చేస్తే మొదటి రోజు గడ్డం గీసుకోవచ్చు, రెండో రోజు పెచ్చులు లేస్తాయి.

కొనబోయే ముందు వెన్ను పైనుంచి తీసిన ఒక ఫోటో, బరువు ఎంతో రాసి ఇక్కడ పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత నేను చూస్తుంటాను.